అదే పేరుతో ఇంకొకటి

తాళాలాయన పాత సర్వర్‌ని వెతకడానికి స్టోర్ గదిలోకి వెళ్ళాడు, నేను నా కుర్చీలో కూర్చున్నాను, ఇంతకు మించి ఇప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేదు. మా ఆఫీసులో సర్వర్లన్నీ ఆయనే చూస్తాడు, నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంటుంది, అసలు పేరు పెట్టి ఎవరూ పిలవరు, ఆయన కూడా మర్చిపోయి ఉంటాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మీరింకేం ముట్టుకోకండి మేడమ్," అన్నాడు. ముట్టుకోవాల్సినవన్నీ ముట్టేశాక ఇప్పుడు బుద్ధిగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా స్క్రీన్ మీద ఆ మాట ఇంకా అలాగే ఉంది, బిల్డ్ సక్సెస్ అట. ఎంత సంబరమో దానికి. ఒక్క తప్పూ లేదట, ఒక్క వార్నింగూ లేదట. నా మొహానికి ఇన్నేళ్ళలో ఒక్క వార్నింగ్ కూడా లేకుండా కంపైల్ అయింది ఈరోజే, అదీ ఇదే అవ్వాలా. టీ చల్లారి పైన మీగడ కట్టింది, తాగాలనిపించలేదు, లేచి పారబోయాలనీ అనిపించలేదు.

ఇది ఎవరికైనా ఎలా చెప్పాలి. మా అక్కకి చెబితే, ఒక ఫైలేగా, మళ్ళీ రాసుకో, దానికింత ఏడుపెందుకు అంటుంది. అక్కకి చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి, పోర్టల్ అంటే ఒక పెద్ద ఇల్లనుకోవే, మాడ్యూళ్ళు అందులో గదులు, ఒక్కో గది ఒక్కొక్కళ్ళం కడతాం. మేం రాసిన కోడ్ కంపైల్ అయితే ముద్దకట్టి ఒకే ఒక్క ఫైలవుతుంది, దాన్ని అసెంబ్లీ అంటాం. ఎవరి గది ఎక్కడున్నా అసెంబ్లీలు మాత్రం అన్నీ వచ్చి ఒకే సంచిలో పడతాయి, సర్వర్ మీదున్న బిన్ అనే ఫోల్డర్‌లో. ఆ సంచిలో ఒక పేరుకి ఒక్కటే చోటు. అదే పేరుతో ఇంకొకటి వచ్చిందంటే పాతది ఉన్న చోటే కొత్తది కూర్చుంటుంది, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడగదు, పాతది కూడా కిక్కురుమనదు. అందుకే ప్రతి అసెంబ్లీకీ వేరే పేరు పెట్టాలి, ముందు సంస్థ పేరు, తర్వాత చుక్క, తర్వాత మాడ్యూల్ పేరు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ చెప్పి చెప్పి నోరు పడిపోయేలా నేర్పింది మా ఆయనే. నోరు పడిపోయేలా అని ఊరికే అనే మాట ఇప్పుడు అనకూడదు నేను. కొత్తగా ఎవరు చేరినా వాళ్ళ కుర్చీ వెనక నిలబడి, పేరు మార్చేదాకా కదిలేవారు కాదు. పేరు ముందు బాబూ, కోడ్ తర్వాత. నా కుర్చీ వెనక మాత్రం ఏరోజూ నిలబడలేదు, సొంత పెళ్ళానికి చెప్పాల్సిన పనేముంది అనుకునేవారు కాబోలు.

సొంత పెళ్ళాం చేసింది ఇది. ఇళ్ళకి నర్సుల్నీ అటెండెంట్లనీ పంపే సంస్థకి పోర్టల్ చేసేది మేమే, వాళ్ళు అటెండెంట్ల హాజరు కోసం కొత్త మాడ్యూల్ కావాలన్నారు. సున్నా నుంచి మొదలుపెట్టడమెందుకులే అని నా మెషిన్‌లో ఉన్న ఒక డొల్ల ప్రాజెక్టు కాపీ చేశాను. ఆయన తన డ్యూటీ మాడ్యూల్ మొదలుపెట్టిన రోజుల్లో తయారుచేసి, నీకూ పనికొస్తుంది ఉంచుకో అని ఇచ్చినది, సెట్టింగులన్నీ పొందిగ్గా ఉంటాయి, లోపల పేరు తప్ప ఏమీ ఉండదు. ఫోల్డర్ పేరు మార్చాను, ఫైళ్ళ పేర్లు మార్చాను. అసెంబ్లీ పేరు మార్చాలంటే వేరే పేజీలోకి వెళ్ళాలి, వెళ్ళబోతుంటే ఇంటి నుంచి మా అటెండెంట్ గొణుగుడాయన ఫోన్, ఉతికిన దుప్పట్లు ఎక్కడున్నాయమ్మా అని. బీరువా కింది అరలో అని చెప్పి, ఫోన్ పెట్టి, బిల్డ్ నొక్కాను. ఆయన డ్యూటీ మాడ్యూల్ ఉన్న చోట నా హాజరు మాడ్యూల్ వెళ్ళి కూర్చుంది. డ్యూటీ పేజీ విరిగిపోయింది. అప్పటికైనా ఆగి ఉంటే ఒక దారి ఉండేది. సర్వర్ అసెంబ్లీకి ఒక కాపీ తీసి తన టెంపరరీ ఫోల్డర్‌లో పెట్టుకుని అక్కణ్ణుంచి నడుపుతుంది, పాత కాపీ కాసేపు అక్కడ ఉండే ఉంటుంది. కానీ పేజీ విరిగితే ఏం చేయాలో కూడా ఆయనే నేర్పారు, ముందు టెంపరరీ ఫోల్డర్ ఖాళీ చెయ్, తర్వాత రీస్టార్ట్ చెయ్, సగం రోగాలు అక్కడే పోతాయి అని. చెయ్యి దానంతటదే చేసేసింది, అంట్లు తోమే చెయ్యి గిన్నె బోర్లించినట్టు. బోర్లించాకే తెలిసింది ఏం చేశానో. ఆయన్ని చేతులారా రెండోసారి చెరిపేశాను.

పైన ఏసీ ఒకటే గుర్రుమంటోంది. పక్క వరుసలో డిజైనర్ పిల్ల తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ తల దించేసుకుంది, మొహం అంత ఘోరంగా ఉందేమో. సోర్స్, అంటే ఆయన చేత్తో రాసిన అసలు కోడ్, అది ఉంటే ఇదంతా ఒక నవ్వులాట, మళ్ళీ కంపైల్ చేసి, సాయంత్రం క్యాంటీన్‌లో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. సోర్స్ ఆయన లాప్‌టాప్‌లో ఉండేది. అందరూ పెట్టేచోట పెట్టండీ అంటే, ఇంకా పూర్తికాలేదు అనేవారు. పూర్తికాకపోవడమేమిటండీ, అన్ని ఇళ్ళకీ డ్యూటీలు అదేగా వేస్తోంది అంటే, "రోజూ కొత్తవాళ్ళు చేరుతుంటే ఎక్కడ పూర్తవుతుందే," అనేవారు. ఆ రోజు కుర్చీలోంచి ఒక పక్కకి ఒరిగిపోయారు, ఒళ్ళోని లాప్‌టాప్ కూడా జారింది, ఆయన్ని పట్టుకున్నాను, అది నేల మీద పడింది. ఆయన బతికారు. కుడిచెయ్యీ కుడికాలూ పోయాయి, మాట పోయింది. లాప్‌టాప్‌లో డిస్కు పోయింది. బాగుచేసే షాపువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో అంత ఏముందమ్మా అన్నాడు, ఏముందో నాకూ సరిగ్గా తెలియదు, ఆయన చూపిస్తే కదా. ఇక బ్యాకప్ సంగతి, దాంట్లో బిన్ ఫోల్డర్ ఉండదు. బిన్‌లో ఉండేవి ఎప్పుడు కావాలంటే అప్పుడు సోర్స్ నుంచి కంపైల్ చేసుకునేవే కదా, దండగ చోటు, ఎక్కడైనా అలాగే వదిలేస్తారు. తాళాలాయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

డ్యూటీ మాడ్యూల్ అంటే పైకి ఏమీ ఉండదు. ఫోన్లు ఎత్తే అక్క ఒకావిడ ఆ సంస్థలో కూర్చుని ఉంటుంది, ఒక చెవికి ఒక ఫోన్, ఇంకో చెవికి ఇంకో ఫోన్, మేమందరం ఫోన్లక్క అంటాం. ఆవిడ పేజీ తెరిస్తే రేపు ఏ ఇంటికి ఎవరు వెళ్ళాలో వచ్చేస్తుంది, ఆవిడ వాళ్ళకి ఫోన్ చేసి చెబుతుంది. అంతే. కానీ ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో, దాని వెనకంతా మా ఆయన కూర్చుని ఉన్నారు. ఎత్తుగా ఉన్న మగవాళ్ళని చూస్తే వణికిపోయే ముసలావిడ ఒకామె, ఆవిడ ఇంటికి ఎత్తుగా ఉన్నవాడు ఎప్పుడూ వెళ్ళడు. పేకాటలో ఓడిపోతే అలిగి మందు వేసుకోని పెద్దాయనకి ఆట సరిగ్గా రాని అటెండెంట్ వెళ్తాడు, పాపం వాడికి తనని ఎందుకు పంపుతున్నారో ఇప్పటికీ తెలియదు. కూతురు పోయిన ఒకావిడ ఇంటికి మొదట్లో పెద్దవయసువాళ్ళనే పంపి, కొన్నాళ్ళకి నెమ్మదిగా ఆ అమ్మాయి ఈడు పిల్లని పంపింది, ఎన్నాళ్ళకో, ఆ లెక్క ఆయనకెలా తోచిందో. సెలవురోజుల్లో ఫోన్లక్కతో కలిసి ఆ ఇళ్ళకి వెళ్ళేవారు, కూర్చుని కబుర్లు చెప్పేవారు, వచ్చి టైప్ చేసుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. నన్ను ఏరోజైనా ఇంత ఆరా తీశారా ఈ మనిషి, కూరలో ఉప్పు సరిపోయిందా అంటే తల ఊపడం తప్ప. మాట ఉన్నప్పుడు కూడా మా ఇంట్లో మాట లేదు, అది మాత్రం నిజం.

అటెండెంట్ కావాలన్నవాళ్ళు నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది, మీకు ఎలాంటి మనిషి కావాలి అని. కొందరు చాంతాడంత రాస్తారు. కొందరు ఎవరైనా సరే అని రాస్తారు. నేనయితే అలా రాసినవాళ్ళకి దగ్గర్లో ఉన్నవాళ్ళని పంపేస్తే పోతుందిగా, పని తేలిక అన్నాను. కంచం ముందు నుంచి తలెత్తి చూశారు. "అది జవాబు కాదే, చెప్పి చెప్పి విసిగిపోయినవాళ్ళ మాట. వాళ్ళని ఇంకోసారి అడగాలి," అన్నారు. అన్నాక మళ్ళీ కంచంలోకి వంగారు, అంత పెద్ద మాట మాట్లాడినందుకు సిగ్గుపడ్డట్టు. అలా రాసినవాళ్ళ పేరు పక్కన ఒక ఎర్ర గుర్తు పడేలా చేశారు, ఫోన్లక్క మళ్ళీ ఫోన్ చేసి అడిగేదాకా అది పోదు, అది పోయేదాకా పేజీ ముందుకి కదలదు. మొదట్లో ఫోన్లక్క తిట్టుకునేది. గుర్తు పడితేనే అడుగుతుంది ఆవిడ, అంతమందిని గుర్తు పెట్టుకోవడం మనిషి వల్ల అవుతుందా.

ఆసుపత్రిలో లిఫ్ట్ పక్కన బెంచీ మీద కూర్చుని మా ఇంటికోసం ఆ ఫారం నేనే నింపాను. ఎలాంటి మనిషి కావాలి. ఎవరైనా సరే అని రాసి పంపేశాను, నాకప్పుడు ఆ గుర్తూ గుర్తులేదు, ఏదీ గుర్తులేదు. మర్నాడు ఫోన్లక్క ఫోన్ చేసింది. "ఏమీ అనుకోకమ్మా, ఇక్కడ ఎర్ర గుర్తు పడింది. మళ్ళీ అడగమంటోంది. నిజంగా ఎవరైనా సరేనా?" అంది. అడగమంటోంది అనగానే నాకు తెలిసింది ఎవరు అడగమంటున్నారో. లోపల మంచం మీద ట్యూబులు పెట్టుకుని పడుకుని ఉన్నారు, నన్ను చూసినా గుర్తుపట్టారో లేదో తెలియదు, ఇటు నుంచేమో నన్ను అడుగుతున్నారు. లిఫ్ట్ దగ్గర నిలబడి ఏడ్చేశాను. అక్కకి కూడా చెప్పనివి ఫోన్లక్కకి చెప్పాను, ఇంటికెళ్ళాక ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేను, ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి, నాతో కాకపోయినా ఫర్వాలేదు అని. ఆవిడ అదంతా టైప్ చేసుకుంది. అలా వచ్చాడు గొణుగుడాయన. అరవై దాటిన మనిషి, మా ఆయన్ని ఇటు తిప్పుతూ అటు తిప్పుతూ సబ్బు ఖరీదు దగ్గర్నుంచి అల్లుడి బద్ధకం దాకా అన్నీ గొణుక్కుంటూనే ఉంటాడు, మొదట్లో తల వాచిపోయేది. తర్వాత చూస్తే మా ఆయన ఆ గొణుగుడు వింటూ నిద్రపోతున్నారు, నేను కూడా పక్కగదిలో అది వింటూనే నిద్రపోతున్నాను.

ఈరోజే గొణుగుడాయన ఆఖరి రోజు. నడుం సహకరించట్లేదమ్మా, ఇక కూతురి దగ్గరికి వెళ్ళిపోతాను అన్నాడు. రేపటి నుంచి కొత్త మనిషి రావాలి. వారం నుంచీ నాకా బెంగే లేదు, ఆయన చూసుకుంటారు అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను, మంచం మీద ఉన్నాయన గురించి కాదు, బిన్‌లో ఉన్నాయన గురించి. మంచం మీద ఉన్నాయన చెంచా ఎటు నుంచి వస్తోందో కూడా పోల్చుకోలేరు. ఆయన బుర్ర మునుపటిలా పనిచేస్తున్న చోటు ఆ ఒక్క ఫైలే, రోజూ ఠంచనుగా లేచి, అందరి ఇళ్ళూ తలుచుకుని, ఎవరికి ఎవరైతే బాగుంటుందో చూసేది. దాన్ని విప్పి చదవడానికి ఒక టూల్ ఉంది, డౌన్‌లోడ్ చేసి కూడా ఉంచాను, ఎన్నిసార్లో దాని మీద చెయ్యి పెట్టి తీసేశాను. విప్పితే కండిషన్లు వస్తాయి కానీ ఆయన పక్కన రాసుకున్న కామెంట్లు రావు, కంపైలర్‌కి అవి అక్కర్లేదు, తీసిపారేస్తుంది. ఆవిడ ఎందుకు భయపడుతుందో, ఈయన ఎందుకు అలుగుతాడో, అలాంటివన్నీ ఆయన కామెంట్లలో రాసుకుంటారని తెలుసు. ఆ మాటలు లేకుండా ఒట్టి లెక్క చూడటం ఇష్టంలేక, చూద్దాంలే, చూద్దాంలే అనుకున్నాను. పారిపోయేదా ఏమిటి, సర్వర్‌లోనే కదా ఉంటుంది అనుకున్నాను.

తాళాల చప్పుడు. మోచేతుల దాకా దుమ్ముతో వచ్చాడు, చేతిలో పెన్‌డ్రైవ్. మొహంలోకి చూశాను, ఆయన మొహం వెలిగిపోతోంది.

"పాతది ఆన్ అయింది మేడమ్. బిన్‌లో ఉంది. అదే పేరు."

అదే పేరు. ఆ రెండు మాటలకీ కుర్చీ ముందుకి లాక్కున్నాను, డిజైనర్ పిల్ల కూడా కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టాను. ఉంది, సంస్థ పేరు, చుక్క, డ్యూటీ, ఒక్క అక్షరం తేడా లేదు. పక్కన సైజు చూశాను, మరీ చిన్నది. చూసి కూడా చూడనట్టు పోర్టల్‌లో వేశాను, పేజీ తెరుచుకుంది, తెల్లగా ఉంది. అప్పుడు ఇన్నాళ్ళూ ముట్టుకోని ఆ టూల్ తెరిచి ఫైలుని విప్పాను. లోపల ఏమీ లేదు. ఆయన మొదలుపెట్టిన రోజు, ఒక్క లైన్ కూడా రాయకముందు, పేరు పెట్టి సరిగ్గా కంపైల్ అవుతుందో లేదో చూసుకున్నది, నా దగ్గరున్న డొల్లే అది. పేరు ముందు, కోడ్ తర్వాత. తర్వాత రాసిందంతా కంపైల్ అయి కొత్త సర్వర్‌లోకే వెళ్ళింది. తాళాలాయన నా భుజం మీదుగా స్క్రీన్ చూస్తూ అలాగే నిలబడ్డాడు. "ఇంకెక్కడా లేదా మేడమ్?" అన్నాడు, నేను అడగాల్సిన మాట ఆయనే అడిగాడు. లేదన్నాను. చేతులు కడుక్కొస్తానని వెళ్ళిపోయాడు.

సాయంత్రంలోగా ఫోన్లక్కకి ఏదో ఒక పేజీ ఇవ్వాలి, లేకపోతే రేపు ఏ ఇంటికీ ఎవరూ వెళ్ళరు. కొత్త ప్రాజెక్టు తెరిచాను. ఈసారి అసెంబ్లీ పేరు పేజీకే ముందు వెళ్ళాను, సంస్థ పేరు, చుక్క, డ్యూటీ, కొత్త అని రాసి ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను, వెనక ఎవరైనా నిలబడి ఉన్నారేమో అన్నట్టు. లోపల ఏం రాయాలి. ఎత్తు మనుషులంటే భయపడే ముసలావిడ ఇంటిపేరు ఏమిటి, తెలియదు. పేకాట పెద్దాయన ఏ వీధి, తెలియదు. ఎన్నో ఇళ్ళు, నాకు తెలిసినవి భోంచేసేటప్పుడు ఆయన నోరు జారి అన్న నాలుగు ముక్కలు. ఇంటికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళని పంపు అని రాశాను, చాలా చిన్న కోడ్, రాయడానికి ఏమీ పట్టలేదు. ఎవరైనా సరే అన్నవాళ్ళకి గుర్తు పెట్టే ముక్క కూడా రాద్దామని చెయ్యి పెట్టాను, గుర్తు పెట్టి ఏం చేయను, ఫోన్లక్క అడిగి తెలుసుకున్నా ఆ మాటలు తీసుకుని మనిషిని వెతికే బుర్ర ఇందులో లేదు. వదిలేశాను. కంపైల్ నొక్కాను. ఒక్క తప్పూ లేదు, ఒక్క వార్నింగూ లేదు.

ఫోన్ మోగింది, ఫోన్లక్క. వెనకాల ఇంకో ఫోన్ మోగుతూనే ఉంది ఆవిడకి.

"తెరుచుకుందమ్మా పేజీ, బతికించావు. పొద్దుపోయింది, గబగబా వేసేస్తున్నాను. మీ ఇంటిది ఖాళీగా చూపిస్తోంది, గొణుగుడాయన మానేశాడుగా. మీకెలాంటి మనిషి కావాలి?"

చెప్పాల్సినవన్నీ గొంతు దాకా వచ్చాయి, ఇంట్లో మాట వినిపించాలక్కా, ఆయన ఎడమపక్క నుంచి పలకరించాలి, చెంచా ఎడమపక్క నుంచే ఇవ్వాలి, మెలకువగా ఉన్నారనుకుని లైటు వేయకూడదు. చెబితే ఆవిడ టైప్ చేస్తుంది, దాన్ని చదివేదెవరు, నేను ఇందాక రాసిన ఆ నాలుగు లైన్లు. దూరం కొలిచి ఒక పేరు ఇస్తాయి.

"ఎవరైనా సరే అక్కా," అన్నాను.

"సరేనమ్మా," అంది.

ఆవిడ కీలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది, ఆగింది. నేను ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను, ఇంకోసారి అడుగుతుందేమోనని. అవతల ఆ ఇంకో ఫోన్ ఎత్తి, చెప్పండి అంటూ, ఆవిడ నాది పెట్టేసింది.